‘హ్యాపీడేస్’: స్వేచ్ఛ, దాని హద్దులు

1

తెలుగులో యువతరం గురించి వచ్చిన మంచి సినిమాల జాబితా ఎవరు రాసినా అందులో ‘హ్యాపీడేస్’ ఉంటుంది. 2007 అక్టోబరు 2న ఆ సినిమా విడుదలైంది. ఆ ఏడాది పుట్టిన పిల్లలు ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలల్లో చేరారు. వాళ్ళూ దాన్ని తమ సినిమాగానే చూస్తున్నారు. కన్నడంలోనూ తమిళంలోనూ దాన్ని మళ్ళీ తీశారు. మలయాళంలోకి అనువాదమై అక్కడ కూడా బాగా ఆడింది. ఇంతగా నిలబడడానికి కారణమేమిటని అడిగితే సాధారణంగా ఒకటే జవాబు వస్తుంది: దర్శకుడు శేఖర్ కమ్ములే నిర్మాత, ఆయన పనిలో వేలుపెట్టే వాడెవడూ లేడు, అందుకే సినిమా అంత సహజంగా వచ్చింది.

ఈ జవాబులో నిజం ఉంది. ఉన్నదంతా నిజం కాదు. స్వేచ్ఛ ఆ సినిమాకు ఏమిచ్చిందో చాలామంది చెప్పారు. ఆ స్వేచ్ఛ ఎక్కడినుంచి వచ్చింది, వచ్చిన స్వేచ్ఛతో దర్శకుడు ఏమి చూపించాడు, ఏమి చూపించకుండా వదిలేశాడు అన్న ప్రశ్నలు మాత్రం అడిగినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలు అడగదలచుకున్నాను.

ఇది ఒక్క సినిమాకు సంబంధించిన గొడవ కాదు. ప్రభుత్వం చేసే నిషేధాల గురించి, సెన్సారు గురించి మన రచయితలు చాలా రాశారు, రాయవలసిందే. పెట్టుబడి చేసే సెన్సారు గురించి రాసింది కొంచెమే. ప్రభుత్వమూ అడ్డురాక, పెట్టుబడిదారూ అడ్డురాక, కాగితం ముందు కళాకారుడు ఒంటరిగా మిగిలిన చోట తనకు తాను చేసుకునే సెన్సారు గురించి దాదాపు రాయలేదు. ఆ మూడోదాన్ని పరిశీలించడానికి ‘హ్యాపీడేస్’ కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

2

ముందు ‘జోక్యం’ అనే మాటకు మన పరిశ్రమలో ఉన్న అర్థాన్ని స్పష్టం చేసుకోవాలి. అమెరికాలో స్టూడియో అంటే డబ్బు పెట్టి, కథను ఆమోదించి, చివరికి కత్తెర కూడా తన చేతిలోనే ఉంచుకునే కంపెనీ. మద్రాసులో విజయా-వాహినీ వంటి సంస్థలు వెలిగిన రోజుల్లో మనకూ అలాంటి వ్యవస్థ కొంత ఉండేది. ఆ తర్వాత మన స్టూడియో చాలావరకు అద్దెకిచ్చే ఫ్లోరుగా మిగిలింది. కత్తెర మాత్రం మాయం కాలేదు. అది నైజాం, సీడెడ్, ఆంధ్ర అని ఏరియాలుగా చీలిన పంపిణీదారు చేతికీ, వడ్డీకి డబ్బు తెచ్చే ఫైనాన్షియరు చేతికీ, అన్నిటికంటే ముఖ్యంగా కథానాయకుడి చేతికీ పోయింది.

ఆ యంత్రం పనిచేసే తీరు తెలిసిందే. సినిమా మొదలుకాకముందే ఏరియాలవారీగా బేరం జరుగుతుంది. బేరం హీరో పేరు మీద జరుగుతుంది. అందుచేత హీరో డేట్లే అసలు పెట్టుబడి. డబ్బిచ్చినవాడు తనకు తెలిసిన సరుకు అడుగుతాడు: ఇన్ని పాటలు, ఇన్ని ఫైట్లు, ఒక కామెడీ ట్రాకు, రెండో సగంలో ఒక ఊపు. ఇదంతా ఎవరో దుర్మార్గుడు చేసే పని కాదు. అప్పు తీర్చవలసిన భయం చేసే పని. కానీ ఫలితం ఒక్కటే. కథకు ముందే ఒక చట్రం బిగించి పెట్టి, ఆ చట్రంలో పట్టినంత మేరకే రచయితను ఊపిరి పీల్చమంటారు.

శేఖర్ కమ్ముల ఈ చట్రం బయటనుంచి వచ్చాడు. హైదరాబాదులో గండిపేట దగ్గర చైతన్యభారతి కళాశాలలో ఇంజనీరింగు చదివి, అమెరికా వెళ్ళి కంప్యూటరు చదువు, ఉద్యోగం చూసుకుని, ఆ తర్వాత అక్కడే హోవార్డ్ విశ్వవిద్యాలయంలో సినిమా నేర్చుకున్నాడు. తొలి సినిమా ‘డాలర్ డ్రీమ్స్’ 2000లో వచ్చింది. అమెరికా ప్రయాణం ఒక్కటే జీవిత లక్ష్యమైన హైదరాబాదు కుర్రాళ్ళ కథ అది. తొలి చిత్ర దర్శకుడికిచ్చే జాతీయ పురస్కారం దానికి వచ్చింది. 2004 అక్టోబరు 15న తన సొంత సంస్థ అమిగోస్ క్రియేషన్స్ మీద ‘ఆనంద్’ విడుదల చేశాడు. చిరంజీవి ‘శంకర్‌దాదా ఎం.బి.బి.ఎస్.’ విడుదలైంది కూడా అదే రోజు. పెద్ద నటుడు లేని ఆ చిన్న సినిమా ఆ తాకిడికి తట్టుకుని నిలబడింది. ఏరియాల లెక్కకు బయట కూడా తెలుగు సినిమాకు ప్రేక్షకులున్నారని అది రుజువు చేసింది. ‘హ్యాపీడేస్’ ఆ రుజువు మీద కట్టిన ఇల్లు.

3

ఆ స్వేచ్ఛ సినిమా రూపాన్ని ఎలా మలచిందో ఇప్పుడు చూద్దాం. ఈ విషయంలో దర్శకుడికి దక్కవలసిన గౌరవాన్ని తగ్గించడం నా ఉద్దేశం కాదు.

మొదటిది: ఇందులో హీరో లేడు. నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు ఉన్నారు. చందూ పాత్రకు కొంచెం ఎక్కువ చోటున్నమాట నిజమే అయినా, టైసన్, రాజేశ్, శంకర్ అతని చుట్టూ తిరిగే చెంచాలు కారు. వాళ్ళకు వాళ్ళ ప్రేమలూ, అలకలూ, అవమానాలూ ఉన్నాయి. నటుల్లో తమన్నా అప్పటికి కొన్ని సినిమాల్లో కనిపించింది, కమలినీ ముఖర్జీ ‘ఆనంద్’తో పరిచయమైంది; మిగిలిన పిల్లలు ప్రేక్షకుడికి కొత్తవాళ్ళు. పేరున్న నటుడొకడు ఈ గుంపులో దిగి ఉంటే కెమేరా వాడివైపే తిరిగేది, మిగిలిన ఏడుగురూ వాడికి చప్పట్లు కొట్టే పనిలో పడేవారు. అంటే సమష్టి కథ సాధ్యం కావడానికి మూలం నిర్మాణంలోనే ఉంది. శిల్పం అని మనం పొగిడేదానిలో సగం ఖర్చుల పద్దులో నిర్ణయమవుతుందని చెప్పడానికి ఇంతకంటే తేటైన సాక్ష్యం అక్కరలేదు.

రెండోది: కాలమే కథ. మొదటిరోజు, రాగింగు, ఫ్రెషర్స్ డే, పరీక్షలు, సెలవులు, తగాదాలు, వీడ్కోలు. నాలుగేళ్ళు గడవడం తప్ప ఇందులో పెద్ద సంఘటన లేదు. కొత్తముఖాలు దీనికి ముందు కూడా వచ్చాయి. 2000లో ఉషాకిరణ్ మూవీస్ వారు తేజ దర్శకత్వంలో తీసిన ‘చిత్రం’ కొత్త పిల్లలతో వచ్చి విజయవంతమైంది. కానీ ఆ సినిమాను నడిపింది పదిహేడేళ్ళ పిల్లల పెళ్ళి, వాళ్ళకు పుట్టిన బిడ్డ అనే సంచలనాంశం. కాలేజీ అక్కడ నేపథ్యం. ‘హ్యాపీడేస్’లో కాలేజీయే వస్తువు. సంచలనాంశం లేని కథను ఏరియా కొనుగోలుదారుకు వినిపించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఇది ఎవరికీ వినిపించనక్కరలేని కథ కనుకనే తెరమీదికి రాగలిగింది.

మూడోది: స్థలం. దర్శకుడు తాను చదివిన గండిపేట కళాశాల ఆవరణలోనే చాలా దృశ్యాలు తీశాడు. సెట్టు వేసిన కాలేజీలో మెట్లు హీరో దిగి రావడానికి ఉంటాయి. ఇక్కడ మెట్లు కూర్చోవడానికున్నాయి. క్యాంటీను, వరండా, తరగతి గదిలో వెనకబెంచీ, ఇవన్నీ తెలిసినవాడు తీసినట్టున్నాయి. తెలుగూ ఇంగ్లీషూ కలిసిపోయిన ఆ మాట కూడా అంతే. అంతకుముందు మన సినిమాల్లో విద్యార్థి గాని రౌడీ గాని డైలాగు చెప్పేవాడు. ఈ పిల్లలు మాట్లాడుకుంటారు.

నాలుగోది: అమ్మాయిలు. ‘ఆనంద్’లో రూప పీటలమీది పెళ్ళి కాదనుకోగలిగిన స్త్రీ. ఆ వారసత్వం ‘హ్యాపీడేస్’ అమ్మాయిల్లో కొంత ఉంది. వాళ్ళు తరగతిలో సమానంగా కూర్చుంటారు, కోపం వస్తే కోపం చూపిస్తారు, కాదనాలనుకుంటే కాదంటారు. హీరోయిన్‌ను వెంటపడి వేధించడాన్నే ప్రేమగా అమ్ముతున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

ఈ నాలుగూ నిజమైన విజయాలు. పైనుంచి ఒత్తిడి ఉండి ఉంటే వీటిలో రెండైనా పోయేవి. ఇంతవరకు ప్రచారంలో ఉన్న వాదంతో నాకు పేచీ లేదు.

4

ఇక్కడ ఒక్క క్షణం మన నేల దాటి వెళ్ళాలి. ఈ తరహా సినిమాలకు తాతలాంటిది అమెరికాలో జార్జ్ లూకాస్ తీసిన ‘అమెరికన్ గ్రాఫిటీ’. 1973లో విడుదలైంది. లూకాస్ తన సొంత ఊరు, కాలిఫోర్నియాలోని మొడెస్టోలో తన యౌవనాన్ని గుర్తు చేసుకుంటూ, 1962లో ఒక రాత్రి జరిగిన కథగా దాన్ని అల్లాడు. పేరున్న నటులు లేరు. ఖర్చు ఆ దేశపు లెక్కలో చాలా తక్కువ. డబ్బు పెట్టిన యూనివర్సల్ స్టూడియోకు సినిమా నచ్చలేదు. నిర్మాత ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా దర్శకుడి పక్షాన నిలబడి పోట్లాడాడు. అయినా స్టూడియో నాలుగైదు నిమిషాల భాగం కోసివేసింది. సినిమా అఖండంగా ఆడింది. 1977లో ‘స్టార్ వార్స్’తో లూకాస్ పేరు మారుమోగాక, 1978లో కోసేసిన ముక్కలను మళ్ళీ అతికించి విడుదల చేశారు. స్టూడియో జోక్యానికీ దర్శకుడి స్వేచ్ఛకూ మధ్య పోరాటంగా ఈ ఉదంతాన్ని సినిమా విద్యార్థులకు పాఠంగా చెబుతారు.

ఆ పాఠంలో చెప్పకుండా వదిలేసే సంగతి ఒకటుంది. సినిమా చివర నలుగురు కుర్రాళ్ళ భవిష్యత్తును తెరమీద అక్షరాల్లో వేస్తారు. ఒకడు తాగి నడిపినవాడి కారు కింద చనిపోయాడు. ఒకడు వియత్నాం యుద్ధంలో కనబడకుండా పోయాడు. ఒకడు ఇన్సూరెన్సు ఏజంటయ్యాడు. ఒకడు రచయితై కెనడాలో ఉంటున్నాడు. రెండు గంటల వినోదం మీద చరిత్ర ఒక్కసారిగా నీడలా పడుతుంది. అంతవరకు చూసిన సరదా రాత్రికి ఆ నాలుగు వాక్యాలవల్ల అర్థమే మారిపోతుంది. ఇది లూకాస్ గొప్పతనం. కానీ ఆ సినిమాలో ప్రధాన పాత్రలైన అమ్మాయిలు కూడా ఉన్నారు. వాళ్ళేమయ్యారో ఒక్క అక్షరం లేదు. పౌలిన్ కేల్ వంటి విమర్శకులు ఆనాడే ఈ లోపాన్ని ఎత్తిచూపారు.

స్టూడియో కోసింది నాలుగైదు నిమిషాలు. అది అయిదేళ్ళకు తిరిగి వచ్చింది. అమ్మాయిల భవిష్యత్తును కోసింది మాత్రం దర్శకుడే. దాన్ని అతికించడానికి ఏ డబ్బాలోనూ ముక్క లేదు, ఎందుకంటే అది ఎన్నడూ తీయబడలేదు. బయటి కత్తెరకు గుర్తులుంటాయి. లోపలి కత్తెరకు గుర్తులుండవు. విమర్శకుడి పని ఆ రెండోదాన్ని వెతకడం.

5

ఆ చూపుతో ‘హ్యాపీడేస్’ దగ్గరికి తిరిగి వద్దాం. ఏరియా కొనుగోలుదారు చేతినుంచి తప్పించుకున్న ఈ సినిమాకు ఆ స్వేచ్ఛ ఎవరిచ్చారు?

మాదాపూరులో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజపేయి ప్రారంభించాడు. గచ్చిబౌలి, కొండాపూరు, రాయదుర్గం, నానక్‌రాంగూడ ఊళ్ళు పోయి సైబరాబాదు వచ్చింది. పదేళ్ళు తిరగకముందే నగరంలో ఒక కొత్త వర్గం తయారైంది. ఇరవై మూడేళ్ళకే తండ్రి జీతాన్ని మించిన జీతం, చేతిలో శని, ఆదివారాలు, తెలిసిన ఇంగ్లీషు. 2003లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రసాద్స్ మల్టీప్లెక్సు తెరిచారు. అట్లాంటిక్ అవతల డాలర్లలో టిక్కెట్టు కొనే తెలుగు ఉద్యోగులు అప్పటికే ఉన్నారు. ఈ ప్రేక్షకుడు పాత ఏరియా లెక్కకు లొంగడు. అతనికి గాలిలో ఎగిరే ఫైట్లు నచ్చవు. తన కాలేజీ రోజులు, తన స్నేహాలు, తాను విడిచి వచ్చిన గండిపేట రోడ్డు తెరమీద చూసుకోవాలని ఉంది. ‘హ్యాపీడేస్’కు స్వేచ్ఛ ఇచ్చినవాడు అతనే. దర్శకుడు ఒక సంతనుంచి బయటపడి, మరింత మర్యాదగల ఇంకో సంతలోకి వచ్చాడు.

మర్యాదగల సంత ఏదీ ఆజ్ఞాపించదు. ఆజ్ఞాపించవలసిన అవసరం దానికి లేదు. ఇక్కడ తీసేవాడూ చూసేవాడూ ఒకే చదువు చదివి, ఒకే విమానం ఎక్కి వచ్చినవాళ్ళు. ఇద్దరికీ గుర్తున్నవి ఒకటే, ఇద్దరూ మరిచిపోయినవి కూడా ఒకటే. జోక్యం లేని చోట ఏర్పడే ఈ ఏకాభిప్రాయమే ‘హ్యాపీడేస్’ హద్దు.

ఆ హద్దులు ఎక్కడున్నాయో మూడు ఉదాహరణలు చెబుతాను.

రాగింగు సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో రాగింగును నేరంగా నిర్ణయిస్తూ 1997లోనే చట్టం వచ్చింది. అలాంటి చట్టం వచ్చిందంటే దానివెనక ఎన్ని అవమానాలు ఉండి ఉంటాయో వేరే చెప్పనక్కరలేదు. రాగింగు మీద సుప్రీంకోర్టు వేసిన రాఘవన్ కమిటీ 2007 మే నెలలో నివేదిక ఇచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో వచ్చిన సినిమాలో రాగింగు చాలావరకు నవ్వుకునే ఘట్టం, స్నేహానికి మొదటి మెట్టు. సీనియరు అడిగిన ప్రశ్నకు నవ్వేసి తప్పించుకోగలిగిన కుర్రాడి జ్ఞాపకం అది. ఇంగ్లీషులో పేరు చెప్పలేక, తండ్రి వృత్తి చెప్పడానికి నోరు రాక నిలబడిపోయిన కుర్రాడి జ్ఞాపకం అది కాదు.

డబ్బు సంగతి. నేను కొన్నేళ్ళు నగరం అంచున ఒక ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలో పాఠాలు చెప్పాను. 2008లో ఫీజు రీయింబర్సుమెంటు పథకం విస్తరించిన తర్వాత పాలమూరునుంచి, నల్లగొండనుంచి, శ్రీకాకుళంనుంచి తెలుగు మీడియం పిల్లలు మొదటిసారి అన్నేసిమంది ఇంజనీరింగు తరగతుల్లోకి రావడం చూశాను. ప్రభుత్వం డబ్బు విడుదల చేయకపోతే యాజమాన్యం హాల్‌టికెట్టు ఆపేది. పరీక్ష రేపనగా ఆఫీసు కిటికీ ముందు వరుసలో నిలబడ్డ పిల్లలకు ప్రేమలో పడడానికి తీరికలేదని కాదు, వాళ్ళూ ప్రేమించారు. కానీ వాళ్ళ నాలుగేళ్ళలో ఫీజు ఒక పాత్ర. తేదీలతో, బెదిరింపులతో, తండ్రి ఫోన్లతో నడిచే పాత్ర. ‘హ్యాపీడేస్’ ఈ పథకం కంటే ముందు వచ్చిందని ఎవరైనా అనవచ్చు. ఫీజు కట్టలేని విద్యార్థి ఆ పథకంతో పుట్టలేదు. దానికి ముందు తలుపు దాకా వచ్చి వెనక్కి పోయేవాడు. ఉద్యోగం దొరకకపోతే ఏమిటన్న భయం ఆ ఎనిమిది మంది జీవితాలను నడిపించదు. వాళ్ళతోపాటే చివరి ఏడాది చదివి 2008లో పట్టా పుచ్చుకున్న నిజమైన పిల్లల్లో ఎందరికో ఆర్థిక మాంద్యంలో ఆఫరు కాగితం చేతికి వచ్చినా చేరే తేదీ రాలేదు. 2009 జనవరిలో సత్యం కంపెనీ కూలింది.

కులం సంగతి. గండిపేటకు కొద్ది మైళ్ళ దూరంలో, గచ్చిబౌలిలో, అదే ఐటీ కారిడారు నడుమ హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. ‘హ్యాపీడేస్’ ఇంకా జనం నోళ్ళలో నలుగుతున్న 2008 ఫిబ్రవరిలో అక్కడ సెంథిల్ కుమార్ అనే దళిత పరిశోధక విద్యార్థి మరణించాడు. 2016 జనవరి 17న, హాస్టలునుంచి వెలివేయబడిన అయిదుగురు దళిత విద్యార్థుల్లో ఒకడైన రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ వార్త దేశాన్ని కదిలించింది. దగ్గర దగ్గరే రెండు కాలేజీ ఆవరణలు. ఒకదాన్ని మనం పాటలతో గుర్తుపెట్టుకున్నాం. రెండోదాన్ని గుర్తుచేయడానికి విద్యార్థులు వెలివాడ కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

6

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. ప్రతి సినిమాలోనూ ప్రతి సమస్యా ఉండాలా? స్నేహం గురించి తీసినవాణ్ణి ఫీజుల గురించి తీయలేదేమని అడగడం న్యాయమా?

న్యాయం కాదు. ఎంపిక లేకుండా కళ లేదు. ఒక పల్లెటూరి కథలో పట్నం లేదని, ఒక ప్రేమకథలో సమ్మె లేదని వాపోయే విమర్శ విమర్శ కాదు, అది జాబితా రాయడం. నా ఆక్షేపణ వేరు. ఈ సినిమా ఎనిమిది మంది కథగా ఊరుకోదు. అందరి కథగా, విద్యార్థి జీవితమంటే ఇదేనన్నట్టుగా నిలబడుతుంది. దాని పేరు, పాటల తీరు, ముగింపులోని వీడ్కోలు అన్నీ ‘మనందరి రోజులు’ అంటాయి. ప్రేక్షకుడు కూడా అలాగే తీసుకున్నాడు. ఒక భాగాన్ని మొత్తంగా చూపడం ఎంపిక అనిపించుకోదు. అది భ్రమ కల్పించడం. లూకాస్ చివర వేసిన నాలుగు వాక్యాల్లాంటి ఒక చిన్న పగులు, బయటి గాలి జొరబడే ఒక కిటికీ ఇందులో ఉండి ఉంటే ఈ మాట అనేవాణ్ణి కాదు. ఆ కిటికీ మూయమని ఈ దర్శకుడికి ఎవరూ చెప్పలేదు. చెప్పేవాడు లేకపోవడమే కదా ఈ సినిమా ప్రత్యేకత.

దర్శకుడి తర్వాతి ప్రయాణం ఈ ప్రశ్నను ఇంకా ఆసక్తికరం చేస్తుంది. 2010లో ఆయన ‘లీడర్’ తీశాడు. నిర్మాత ఏవీఎం, మద్రాసులో తరాలనుంచి ఉన్న అచ్చమైన స్టూడియో సంస్థ. కులం, అవినీతి కలిసి నడిపే రాజకీయం ఆ సినిమాలో వస్తువైంది. 2021లో ‘లవ్‌స్టోరీ’ తీశాడు. నిర్మాతలు వేరేవాళ్ళు, హీరో నాగచైతన్య, అంటే పేరూ వంశమూ రెండూ ఉన్న నటుడు. ఆ సినిమాలో కథానాయకుడు దళితుడు. కథానాయిక ఇంజనీరింగు చదివి, హైదరాబాదు వచ్చి, ఐటీ ఉద్యోగం దొరక్క తిరిగే అమ్మాయి. ‘హ్యాపీడేస్’ చూపకుండా వదిలిన రెండూ పద్నాలుగేళ్ళ తర్వాత, బయటి పెట్టుబడితో, స్టారుతో తీసిన సినిమాలో కనిపించాయి!

దీన్నిబట్టి ఇతరుల డబ్బే మంచిదని ఎవరూ అనరు. స్వేచ్ఛ పెరిగితే సత్యం తనంతట పెరుగుతుందన్న లెక్క తప్పని మాత్రం తేలుతుంది. 2007కూ 2021కీ మధ్య నిర్మాణ పద్ధతికంటే ముఖ్యమైనది ఇంకొకటి మారింది. రోహిత్ మరణం తర్వాత విశ్వవిద్యాలయాల్లో లేచిన ఉద్యమం వచ్చింది. కులాంతర వివాహం చేసుకున్నవాళ్ళను చంపుతున్న వార్తల మీద బహిరంగ చర్చ వచ్చింది. మౌనంగా ఉండడం కష్టమయ్యే వాతావరణం వచ్చింది. సినిమా కిటికీ తెరిచింది నిర్మాత ఔదార్యం కాదు, బయట వీధిలో చప్పుడు.

అలాగని పెట్టుబడి ఏ తరగతిదైతే సినిమా ఆ తరగతిదే అవుతుందన్న సూత్రం కూడా నిలవదు. అది యాంత్రికమైన వాదం. 2018 సెప్టెంబరులో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’ చూడండి. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో వైద్యురాలు. అంటే డబ్బు అట్లాంటిక్ అవతలిదే. దర్శకుడు వెంకటేశ్ మహా విశాఖపట్నంలో ఆ పేటవాళ్ళనే నటులుగా తీసుకుని, కులమూ మతమూ వయసూ ప్రేమకు ఎలా అడ్డం వస్తాయో చెప్పాడు. పసిపిల్లల ఇష్టం దగ్గరనుంచి నడివయసు తోడు వరకు అన్నీ అందులో ఉన్నాయి. స్వేచ్ఛ ఇక్కడా ఉంది, ‘హ్యాపీడేస్’లోనూ ఉంది. ఒకరు దాన్ని తన జ్ఞాపకంలోకి వెళ్ళడానికి వాడారు. ఇంకొకరు తనకంటే వేరైన మనుషుల దగ్గరికి వెళ్ళడానికి వాడారు. తేడా దృక్పథంలో ఉంది. స్వేచ్ఛ దృక్పథానికి చోటు ఇస్తుంది, దృక్పథాన్ని ఇవ్వలేదు.

7

ఇవాళ ఈ చర్చ ఎందుకని అడిగేవారికి ఒక మాట. సైబరాబాదు కుర్రాళ్ళు ఇప్పుడు ఫోను కెమేరాతో లఘుచిత్రాలు తీస్తున్నారు. ఆఫీసు ముగిశాక కొండాపూరు గదుల్లో కూర్చుని స్క్రిప్టులు రాస్తున్నారు. వాళ్ళకు ఏరియా కొనుగోలుదారు లేడు. ఏ హీరో డేట్లూ అక్కరలేదు. 1998లో ‘డాలర్ డ్రీమ్స్’ వంటి కథను తలపోసినవాడికి లేని సాధనాలు వాళ్ళ జేబుల్లో ఉన్నాయి. అయినా వాళ్ళు తీస్తున్నవాటిలో ఎక్కువ భాగం ‘హ్యాపీడేస్’కు పిల్లలు, మనవలు. అదే మెట్లు, అదే క్యాంటీను, అదే వీడ్కోలు. ఎవరూ కోయకుండానే అవే సంగతులు మళ్ళీ మళ్ళీ కోతపడుతున్నాయి. హాస్టలు మెస్సులో వంట చేసే మనిషి లేదు. తరగతి గది కట్టిన పాలమూరు కూలీ లేడు. అవసరమై చొప్పించమని కాదు. కళ్ళముందున్న మనిషి కనబడకపోవడానికి కారణమేమిటో తమను తాము అడగమంటున్నాను.

యువకులైన రచయితలూ దర్శకులూ స్వేచ్ఛ కోసం పోరాడాలి. పెట్టుబడి కథ మీద పెట్టే ఆంక్షలను ఎదిరించాలి. ఆ పోరాటంలో ‘హ్యాపీడేస్’ ఒక మైలురాయి, దాన్ని గౌరవించాలి. స్టారు లేకుండా, ఫార్ములా లేకుండా, తెలిసిన జీవితాన్ని తెలిసిన భాషలో చెప్పవచ్చునని అది నిరూపించింది. కానీ మైలురాయి దగ్గర గుడారం వేసుకుని కూర్చుంటే ప్రయాణం సాగదు. ఎవరూ అడ్డుపడని చోట మనం ఎవరి గురించి రాశామో, ఎవరిని మరిచామో ఆ లెక్క మనమే చెప్పుకోవాలి. నిర్మాతను నిందించే వీలు అక్కడ లేదు.

నా విద్యార్థుల్లో చాలామందికి ఆ సినిమా ఇష్టం. పాలమూరునుంచి వచ్చినవాళ్ళకూ ఇష్టమే. తమది కాని ఆనందాన్ని కూడా వాళ్ళు తమదనుకుని చూశారు. అంత ఉదారంగా చూసిన ప్రేక్షకుడికి మన కళ బాకీ ఉంది. ఫీజు కోసం వరుసలో నిలబడ్డ వాళ్ళ నాలుగేళ్ళలోనూ స్నేహాలున్నాయి, నవ్వులున్నాయి, ప్రేమలున్నాయి. ఆ రోజుల సినిమా ఇంకా రావలసే ఉంది. దాన్ని ఆపుతున్నది ఏ స్టూడియో కాదు.